గోదారి గట్టు నడకదారి పొడిగింపు: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో గట్టు మీద సాయంత్రం నడకకొచ్చే ఎవరినడిగినా ఈ దారి ఇంకాస్త దూరం వేస్తే బాగుండునంటారు. 2027 పుష్కరాలు దగ్గరపడేకొద్దీ ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తోంది. నదీతీర నడకదారుల ప్లానింగే నా వృత్తి కాబట్టి, పదేపదే వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: దారి ఎంత పొడవుంటే అంతమందికి ఉపయోగం.

పొడవు శిలాఫలకం మీద రాసుకోవడానికి పనికొస్తుంది. జనానికి కావలసింది లోపలికి వెళ్ళే తోవ. కిలోమీటరు దారికి అటో గేటు, ఇటో గేటు పెట్టి ఊరుకుంటే మధ్య వీధులవాళ్ళకి గోదారి కనిపిస్తుందే గానీ అందదు. అందుకే మ్యాపు మీద నేను ముందు దారి గీయను. గట్టు దాకా వచ్చి ఆగిపోయే వీధులన్నిటికీ చుక్కలు పెడతాను. మూడు నాలుగు వందల మీటర్లకొక చుక్కైనా తెరుచుకోకపోతే పెద్దవాళ్ళు రావడం మానేస్తారు. రద్దీ రోజున బయటపడే దారులూ అవే. 2015 జులై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. జనమంతా ఒక్క రేవు మీద పడితే ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఒకే పెద్ద ఆర్చి గేటు గీసుకొచ్చేవాళ్ళున్నారు, చూస్తే ఒళ్ళు మండుతుంది.

అపోహ: ర్యాంపుదేముంది, చివర్లో ఎక్కడో ఒకచోట పెట్టేయొచ్చు.

ర్యాంపు వాలు 1:12 మించకూడదు, అంటే మీటరు ఎత్తెక్కడానికి కనీసం 12 మీటర్ల పొడవు కావాలి. వీధి కంటే గట్టు 3 మీటర్ల ఎత్తుంటే ర్యాంపే 36 మీటర్లు, మధ్యలో ఆగడానికి చదును జాగా అదనం. అంత చోటు చివర్లో వెతికితే దొరకదు. అప్పుడు నిట్టనిలువుగా ఒకటి పోస్తారు, అది ఫొటోకి తప్ప దేనికీ పనికిరాదు.

అపోహ: ఇనప స్తంభాలు పాతితే బైకులు రావు.

చక్రాల కుర్చీ వెళ్ళాలంటే కనీసం 90 సెంటీమీటర్ల సందు వదలాలి. అందులోంచి స్కూటీ హాయిగా దూరిపోతుంది. సందు ఇంకా తగ్గిస్తే ముందు ఆగిపోయేది కుర్చీయే. బైకుల్ని ఆపాలంటే కాపలా మనిషి, జరిమానా, దగ్గర్లోనే బండి పెట్టుకునే చోటు ఉండాలి.

దారి పడితే దొంగలొస్తారన్నది వెనక ఇళ్ళవాళ్ళ భయం. ప్రహరీకీ గట్టుకీ మధ్య మిగిలిపోయే చీకటి సందే అసలు ప్రమాదం. అక్కడ ఒక లైటూ, ఒక పల్లీల బండీ ఉంటే సగం సమస్య తీరుతుంది.

అపోహ: వరద ఎప్పుడో గానీ రాదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో మూడోదీ దాటింది. కాబట్టి నది వైపున్న కింది దారిని మునుగుతుందనుకునే కట్టాలి. కరెంటు పెట్టెలు గట్టు పైనే ఉండాలి. కటకటాలకు గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన కొమ్మలు చుట్టుకుని నీటి తోపుకి వంగిపోతాయి కనుక అవి ఊడదీసే రకమైతే మేలు. ఒండ్రును నీళ్ళు తీస్తుండగానే కడిగేయాలి, ఎండిందంటే గునపం పట్టాల్సిందే. ఏ హెచ్చరికకు ఏ మెట్లు మూయాలో, తాళం ఎవరి దగ్గరుండాలో కూడా ప్లానులోనే రాయాలి. చాలా ప్లానుల్లో ఈ పేజీయే ఉండదు.

అపోహ: ఒడ్డు ఖాళీ జాగాయేగా.

సాయంత్రం ఆరింటికి సర్వేకి వెళ్తే అలాగే అనిపిస్తుంది, నడిచేవాళ్ళు తప్ప ఎవరూ కనబడరు. తెల్లవారుజామున వెళ్ళండి. పడవ దింపేవాళ్ళు, వలలు ఆరేసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, పితృకర్మలకు వచ్చినవాళ్ళూ వాళ్ళ పురోహితులూ ఉంటారు. నడకదారికి వేసిన కంచె వీళ్ళ రేవుకి అడ్డమైతే కొత్తవాళ్ళకి దారి ఇచ్చి పాతవాళ్ళ దారి మూసినట్టే. పడవ ఎక్కడ లాగుతారో, వల ఎక్కడ పరుస్తారో వాళ్ళనే అడిగి గుర్తులు పెట్టుకున్నాకే కంచె గీత గీయాలి.