జీతం ఉన్న తాతకు కాగితాలు ఎక్కడివి? అపోహలు - వాస్తవాలు

పాత పహాణీలు, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రెవెన్యూ రికార్డులు, చదివి పెట్టమని నల్లగొండ, పాలమూరు ఊళ్ల నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అనే మాట ఒకటే: "మా తాత జీతం ఉన్నడు సార్, ఆయన పేరు ఎవరు రాస్తరు?" జీతం ఉండడం అంటే దొర దగ్గర పాలేరుగా పనికి కుదరడం.

అపోహ: భూమి లేనివాళ్ల పేరు ఏ రికార్డులోనూ దొరకదు.

వాస్తవం: పట్టాదారు కాలమ్ దగ్గరే ఆగిపోతే దొరకదు. 1954-55 ఖాస్రా పహాణీలో ఆ చెలకను (మెట్ట భూమిని) ఎవరు దున్నుతున్నారో కూడా రాశారు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్ వేరే ఉంది. కాబట్టి తాత ఎవరి దగ్గర పనిచేశాడో ఆ దొర సర్వే నంబర్లు తీయించండి. తాత కౌలుకో పాలుకో (పంటలో వాటాకో) దున్ని ఉంటే పేరు అక్కడే తగలవచ్చు.

పేరు కూడా మీరు అనుకున్నట్టు ఉండదు. 'మల్లిగాడు వల్ద్ బాలిగాడు' అన్నట్టు ఉంటుంది. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన ఆ 'గాడు' మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నాకూ కడుపులో దేవినట్టయింది. కానీ ఆయనకు ముత్తాత పేరు తెలిసింది ఆ ఒక్క వరుసలోనే. నకలు రాసుకునేటప్పుడు దాన్ని 'మల్లయ్య' అని దిద్దకండి, ఉన్నది ఉన్నట్టే రాయండి.

అపోహ: పాత పహాణీలు ఉర్దూలో ఉంటే, ఉర్దూ వచ్చినవాళ్లు చదివితే చాలు.

వాస్తవం: ఆ లిపిలో పోచయ్య, పూచయ్య ఒకేలా కనిపిస్తాయి. ఊరి పేర్లు, ఇంటిపేర్లు తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ రికార్డుల్లో ఏడాదిని ఫసలీ అనే పాత రెవెన్యూ లెక్కలో రాస్తారు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55.

అపోహ: ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ సరైనదే.

వాస్తవం: పెద్దవాళ్ల విషయంలో చాలాసార్లు అది అందాజా లెక్క. "పోలీస్ యాక్షన్ నాటికి పశువులు కాస్తుండెనా, పెండ్లయిందా?" అని అడగండి. పోలీస్ యాక్షన్ అంటే భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన 1948 సెప్టెంబర్. నేను వయసు అక్కడి నుంచే లెక్కగడతాను.

అపోహ: వంశావళి పెద్ద కులాలకే ఉంటుంది.

వాస్తవం: ఇది వింటే నాకు కోపం వస్తుంది. మాదిగల వంశాలు డక్కలివాళ్లు, పద్మశాలీలవి కూనపులివాళ్లు, గొల్లలవి మందెచ్చులవాళ్లు తరతరాలుగా నోటికి చెబుతున్నారు. వాళ్లు మీ వాడకు వస్తే బియ్యం పెట్టి పంపేయకండి. కూర్చోబెట్టి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని, మీ తాత పేరు చెప్పి ఆయన పైవాళ్లెవరో అడగండి.