దిష్టి నీళ్ళూ, రామెన్ నూడుల్సూ

ఒక ఫిబ్రవరిలో ఆఫీసు పని మీద జపాన్‌లోని సప్పొరో వెళ్ళాను. బయట మోకాలి లోతు మంచు. పట్టుమని పది కుర్చీలు కూడా లేని ఒక కొట్టులో దూరి మిసో రామెన్ చెప్పాను, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన చారులో నూడుల్స్. పక్కాయన నూడుల్స్‌ని జుర్రుమని లాగుతున్నాడు. మా ఇంట్లో ఆ చప్పుడు చేస్తే మొట్టికాయ పడేది. అక్కడ అలాగే తినాలి. నూడుల్స్‌తో పాటు గాలి కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి వేడి కాస్త తగ్గుతుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది.

రామెన్ అనగానే అందరూ చారు గురించే చెబుతారు. నన్ను పట్టుకున్నవి మాత్రం నూడుల్సే. పసుపుపచ్చగా, వంకీలు తిరిగి, పంటి కింద సాగి టక్కున తెగుతున్నాయి. మరిగే చారులో పది నిమిషాలు నానినా ముద్దవలేదు. రంగు చూసి గుడ్డు కలిపారేమో అనుకున్నాను.

హైదరాబాద్ వచ్చాక మైదాలో రెండు గుడ్లు కొట్టి మరీ చేశాను. తయారైంది సేమియా పాయసానికి పనికొచ్చే సరుకు.

అసలు కిటుకు కాన్‌సుయి. జపనీస్‌లో ఆ మాటకు ఉప్పునీళ్ళు, క్షారపు నీళ్ళు అని అర్థం. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్‌ల మిశ్రమం. క్షారం కలిపి నూడుల్స్ చేసే పద్ధతి చైనా వాళ్ళది. 1910లో టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే హోటల్ తెరిచిన జపాన్ ఆయన యొకోహామా చైనాటౌన్ నుంచి వంటవాళ్ళను తెచ్చుకున్నాడు. రామెన్ జపాన్‌లో అందరి తిండి కావడం మొదలైంది అలాంటి చోట్లే. చాలాకాలం దాన్ని చైనా సోబా, అంటే చైనా నూడుల్స్, అనే పిలిచేవారు.

క్షారం ఏం చేస్తుందో తెలియాలంటే మన దిష్టి నీళ్ళు గుర్తు తెచ్చుకోండి. పసుపు నీళ్ళలో సున్నం కలపగానే ఎర్రబడతాయి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. మైదాలో కర్క్యుమిన్ లేదు గానీ ఫ్లేవనాయిడ్లనే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. మామూలుగా వాటికి రంగు కనిపించదు, క్షారం తగిలితే పసుపుపచ్చగా మారతాయి. నేను గుడ్డు అనుకున్న రంగు అదన్నమాట.

సాగుడు సంగతి ఇంకా ముఖ్యం. పిండి తడిపినప్పుడు గోధుమ ప్రొటీన్లు వలలా అల్లుకుంటాయి. అదే గ్లూటెన్. చపాతీ ముద్ద సాగేది దానివల్లే. క్షారం కలిస్తే ప్రొటీన్ల మధ్య బంధాలు పెరిగి ఆ వల బిగుసుకుంటుంది. పిండి పదార్థం ఉడికే తీరు కూడా మారుతుంది. అందుకే ఈ నూడుల్స్ వేడి చారులో తొందరగా మెత్తబడవు.

కాన్‌సుయి మా వీధి కిరాణాలో ఎందుకు దొరుకుతుంది? కానీ వంట సోడా ఉందిగా. అది సోడియం బైకార్బొనేట్, అంత గట్టి క్షారం కాదు. 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. లెక్క ప్రకారం 100 గ్రాములు పెడితే 63 గ్రాములు రావాలి. నాకు 64 వచ్చింది. ఆ పొడిని ఉత్త చేత్తో ముట్టుకోకండి, చర్మం మండుతుంది.

అయినా అనుమానం తీరక రెండు గ్లాసుల నీళ్ళు తీసుకున్నాను. ఒకదాంట్లో మామూలు సోడా, రెండోదాంట్లో కాల్చిన సోడా వేసి చెరో చిటికెడు పసుపు కలిపాను. మొదటిది దాదాపు పసుపుగానే ఉంది. రెండోది నెత్తురులా ఎర్రబడింది. అప్పుడే వంటింట్లోకి వచ్చిన అమ్మ గ్లాసు చూసి, "ఎవరికిరా దిష్టి?" అంది.

300 గ్రాముల మైదాకి 115 గ్రాముల నీళ్ళు, మూడేసి గ్రాముల ఉప్పు, కాల్చిన సోడా. చపాతీకైతే ఇంత పిండికి దీనికి ఒకటిన్నర రెట్లు నీళ్ళు పడతాయి. అందుకే ఇది ముద్దవదు, తడి రవ్వలా పొడిపొడిగా ఉంటుంది. కంగారుపడి నీళ్ళు చిలకరించొద్దు. కవర్లో కట్టి గంట వదిలేస్తే తడి అంతటా పడుతుంది. జంతికల గొట్టంలో నొక్కబోయి పిడి విరగ్గొట్టుకున్నాను. పాస్తా మెషీన్ అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

చారు అంత కష్టం కాదు, మనకు పాయా అలవాటే కదా. కోడి కాళ్ళు కిలో, సన్నటి సెగ మీద నాలుగు గంటలు. చర్మం, కీళ్ళలోని కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జున్నులా గడ్డకడుతుంది. పెదాలకు జిగురుగా తగిలేది అదే. సన్నటి సెగకు బదులు తెర్లా మరిగిస్తే కొవ్వు సన్నటి బిందువులుగా విడిపోయి చారు పాలలా తెల్లబడుతుంది. దక్షిణ జపాన్‌లోని హకాతా వాళ్ళు పంది ఎముకలతో చేసేది అలాగే. రుచికి కొంబు అనే సముద్రపు నాచు ముక్క వేశాను. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టింది ఆ నాచు నుంచే. 12 కిలోల నాచు ఉడికిస్తే ఆయనకు దక్కింది 30 గ్రాములు.

నూడుల్స్ రెండు నిమిషాలు ఉడికించి, నీళ్ళు వార్చి గిన్నెల్లో వేశాను. అమ్మ ఒక్క పోగు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకూ ఆ వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంది గానీ అందట్లేదు.

"అప్పడాల పిండిరా ఇది," అంది. "చిన్నప్పుడు ముద్దలు దొంగతనంగా తినేవాడివి. అందులోనూ సోడానేగా వేసేది."