మైగ్రేన్ ఉన్న వీగన్లకు ఒక మనవి: ఇంకేమీ మానేయకండి

నేను డైటీషియన్‌ని. హైదరాబాద్‌లో ఒక న్యూరాలజీ ఓపీ పక్కనే నా గది. డాక్టరు గారు చూసి పంపేవాళ్లలో ఈమధ్య వీగన్లు, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టనివాళ్లు, ఎక్కువయ్యారు. కూర్చోగానే ఫోన్ తీసి ఒక జాబితా చూపిస్తారు. మానేసినవాటి జాబితా.

మొదటి నాలుగైదు పేర్లతో నాకు పేచీ లేదు. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె. అవి వాళ్లు నమ్మకం కొద్దీ వదిలేసినవి, వాటి గురించి నిలదీయడం నా పని కాదు. ఆ కిందే అసలు కథ మొదలవుతుంది. వేరుశనగలు, జీడిపప్పు, టోఫు, సోయా పాలు, నిమ్మకాయ, అరటిపండు, టమాటా, ఉల్లిపాయ, చింతపండు, ఇడ్లీ, దోశ. "ఇది తిన్న రోజు వచ్చిందండీ, అది తిన్న మర్నాడు వచ్చిందండీ" అంటూ ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి పళ్లెంలో తెల్లన్నం, సొరకాయ, బీరకాయ మిగులుతాయి. తలనొప్పి మాత్రం తగ్గదు. ఇంకేం మానేయాలో అడగడానికి నా దగ్గరికి వస్తారు!

అపోహ: నొప్పికి ముందు తిన్నదే నొప్పికి కారణం

మైగ్రేన్ నొప్పితో మొదలు కాదు. కొన్ని గంటల ముందు, కొందరిలో ఒకటి రెండు రోజుల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. ఆవలింతలు ఆగవు, మెడ పట్టేస్తుంది, ఊరికే చిరాకు వస్తుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సొస్తుంది. ఇంకో ముఖ్యమైన లక్షణం, ఏదో ఒకటి తినాలని నాలుక పీకేయడం. తీపి, చాక్లెట్, పుల్లటివి, ఉప్పటివి. ఆకలిని, నిద్రను నడిపించే హైపోథాలమస్ అనే భాగం ఈ దశలో చురుగ్గా ఉంటుందని స్కానింగుల్లో చూశారు.

అంటే ఏమైంది? మైగ్రేన్ అప్పటికే మొదలైంది. అదే మీ చేత డార్క్ చాక్లెట్ తినిపించింది. నాలుగు గంటల తర్వాత నొప్పి వచ్చింది. మీరు చాక్లెట్‌ను జాబితాలో రాశారు. దొంగ దాటిపోయాక దారిన పోయేవాణ్ణి పట్టుకున్నట్టు. అందరికీ ఇలాగే జరుగుతుందని అనను. నిజంగానే ఒకటో రెండో పదార్థాలు పడనివాళ్లు ఉన్నారు. కానీ పన్నెండు పడనివాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఇక ఇంటర్నెట్‌లో తిరిగే "మైగ్రేన్ ఉంటే తినకూడనివి" జాబితాల సంగతి. వాటిలో ముందుండేవి నెలల తరబడి మాగబెట్టిన చీజ్, రెడ్ వైన్, నైట్రేట్లు కలిపి నిలవచేసిన మాంసం. వీగన్ వంటింట్లో చీజూ లేదు, ఆ మాంసమూ లేదు. వాటిని దాటుకుని జాబితా చివర్లో ఉన్న ఉల్లిపాయనూ నిమ్మకాయనూ పట్టుకుంటున్నాం. తిండి మాగేకొద్దీ, పులిసేకొద్దీ అందులో పెరిగే టైరమిన్ అనే పదార్థమంటే భయం ఉంటే సోయా సాస్, మీసో లాంటి బాగా పులియబెట్టిన సోయా పదార్థాల మీద ఒక కన్నేయండి, అర్థం ఉంది. తాజా టోఫు ఏం చేసింది? రాత్రి రుబ్బి పొద్దున వేసిన ఇడ్లీని మాగిన చీజ్‌తో ఒక గాటన కట్టడం ఏమిటి?

ఈ అపోహకు చెల్లించే ధర చాలా పెద్దది. పళ్లెం చిన్నదయ్యేకొద్దీ కడుపు ఖాళీగా ఉండే సమయం పెరుగుతుంది. భోజనం మానేయడం, ఆలస్యం చేయడం మైగ్రేన్‌ను రేపే కారణాల్లో అందరికీ తెలిసిన పెద్ద కారణం. పడనిదేమో అన్న భయంతో తినకుండా ఉండి, తినకపోవడం వల్లే నొప్పి తెచ్చుకుని, మర్నాడు ఇంకో కూరగాయను మానేస్తారు. పాలు, గుడ్లు లేనివాళ్లకు ప్రోటీన్ వచ్చే దారులే పప్పులు, సోయా, గింజలు. వాటినే ముందు మూసేస్తారు. పెళ్లికి పిలిస్తే వెళ్లరు, ఆఫీసులో ఎవరితోనూ కలిసి తినరు. ఈ ప్రయోగాల్లో ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే నొప్పి రాకుండా వాడే మందులు మొదలయ్యేవి. నెలలో పదిహేను, అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పితో మూడు నెలలు దాటితే క్రానిక్ మైగ్రేన్ అవునో కాదో తేల్చాలి. అక్కడిదాకా తెచ్చుకున్నాక పని కష్టమవుతుంది.

ఒక పదార్థం మీద నిజంగా అనుమానం ఉంటే పద్ధతిగా తేల్చండి. ముందు రెండు నెలలు ఏదీ మానేయకుండా డైరీ రాయండి. తిన్నవే రాస్తే చాలదు. నిద్ర ఎన్నింటికి, భోజనం ఎన్నింటికి, నెలసరి తేదీ, ఎండలో తిరిగారా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఆవలింతలు ఎప్పుడు మొదలయ్యాయి, ఇవన్నీ. ఆ పదార్థం తిన్న ప్రతిసారీ కాకపోయినా ఎక్కువసార్లు ఒక రోజులోపే నొప్పి వస్తుంటే, దాన్నొక్కదాన్నే నాలుగు వారాలు ఆపి, మళ్లీ తిని చూడండి. తేడా లేకపోతే వాపసు పళ్లెంలోకి తెచ్చుకోండి. ఆ చివరి మెట్టు ఎవరూ ఎక్కరు. మానేయడం తెలుసు, మళ్లీ తినడం తెలియదు.

అపోహ: పాలు, పెరుగు మానేసింది కాబట్టే ఈ నొప్పి

ఇది ఇంట్లోవాళ్ల అపోహ. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయిని వాళ్లమ్మగారు వెంటపెట్టుకొచ్చారు. "మేడమ్, గడ్డపెరుగు లేనిదే అన్నం ముట్టని పిల్ల. ఏ పిచ్చి పట్టిందో అన్నీ వదిలేసింది, తల పగిలిపోతోందని ఏడుస్తోంది. మీరైనా చెప్పండి" అన్నారు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. మొదటిసారి ఎప్పుడు వచ్చిందమ్మా అని అడిగితే ఇంటర్‌లో అంది. అప్పటికి వీగన్ అన్న మాటే తెలియదట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే, ఆ అమ్మగారే కాసేపు ఆగి, "నాకూ ఉండేదండీ, నెలసరి ముందు. నలభై ఐదు దాటాక పోయింది" అన్నారు. మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఆ తర్వాత గదిలో గొంతులు తగ్గాయి.

వీగనిజం మైగ్రేన్ తెప్పించదు. అలాగని నయమూ చేయదు. 2014లో అమెరికాలో 42 మందితో చేసిన ఒక పరీక్షను కొందరు ఊదరగొడుతుంటారు. కొవ్వు తక్కువ వీగన్ ఆహారం ఇచ్చి, అనుమానం ఉన్నవి తీసి, మళ్లీ ఒక్కోటీ కలిపారు. నొప్పులు తగ్గాయన్నారు. కానీ పాల్గొన్నది కొద్దిమంది, ఎవరు ఏం తింటున్నారో వాళ్లకు తెలుసు, బరువు కూడా తగ్గారు. దీన్ని బట్టి మందులు ఆపేయమని చెప్పేవాళ్లను నమ్మకండి.

అమ్మగారి మాటలో పట్టించుకోవాల్సింది ఒకటుంది, బీ12. ఇది మొక్కల్లో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. ఇడ్లీ పిండిలో పులుపు వల్ల వస్తుందనీ, స్పిరులినాలో బోలెడుందనీ చెప్పేవి వట్టి మాటలు. స్పిరులినాలో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. బీ12 తగ్గితే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, రక్తహీనత వస్తాయి. రక్తహీనతకు ఒక లక్షణం తలనొప్పి. వీగన్ అయితే బీ12 మాత్ర వేసుకోవాల్సిందే, ఇందులో బేరాల్లేవు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఏళ్ల తరబడి మాత్రలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఐరన్, విటమిన్ డీ కూడా ఒకసారి చూపించుకోండి. షాపుల్లో దొరికే డీ3లో ఎక్కువభాగం గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసింది. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ నుంచి తీసింది కూడా దొరుకుతుంది, అడగండి.

అపోహ: ఇది పైత్యం, గ్యాస్, సైనస్, సైట్

మా పెద్దమ్మకు నెలకోసారి "పైత్యం చేసేది". తలుపులు వేసుకుని, నుదుటికి గట్టిగా గుడ్డ కట్టుకుని పడుకునేది. సాయంత్రానికి వాంతి అయ్యేది, కాస్త నిదానించేది. ఇంట్లో అమృతాంజనం సీసా ఎప్పుడూ ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుప్పచ్చ మందు లేని తెలుగిల్లు ఆ రోజుల్లో ఉండేది కాదు. రాస్తే నుదురు చల్లబడుతుంది, అంతవరకే. మైగ్రేన్‌లో ఘాటు వాసనలు పడనివాళ్లకు అదే కష్టమయ్యేది. పెద్దమ్మకున్నది మైగ్రేన్ అని, కాన్వెంటు చదువు చదివిన మాకు కూడా చాలా ఏళ్లు తెలియలేదు.

వాంతి అవుతోంది కాబట్టి కడుపు జబ్బే అనుకోవడం సహజం. నిజానికి మైగ్రేన్ వచ్చినప్పుడు జీర్ణాశయం నెమ్మదిస్తుంది. అందుకే నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర సరిగా ఒంటబట్టదు. డాక్టరు రాసిచ్చిన మందు మొదట్లోనే వేసుకోవాలి, వికారం ఎక్కువైతే దానికీ మందు అడగాలి. ముక్కు దిబ్బడ, కళ్ల నీళ్లు మైగ్రేన్‌లో కూడా వస్తాయి. సైనస్ అని ఏళ్ల తరబడి ఆవిరి పట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అపోహ: మాత్రల్లో జంతు పదార్థాలుంటాయి కాబట్టి వేసుకోకూడదు

ఉంటాయి, నిజమే. చాలా మాత్రల్లో పాలలోని చక్కెర లాక్టోజ్, క్యాప్సూల్ పెంకుల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్. కానీ 1944లో బ్రిటన్‌లో పుట్టిన వీగన్ సొసైటీ నిర్వచనంలోనే "సాధ్యమైనంత, ఆచరణకు వీలైనంత" అని ఉంది. రాసిచ్చిన మందు ఆపమని వాళ్లు కూడా చెప్పరు. మొక్కల సెల్యులోజ్ పెంకు రకం ఉంటే అడగండి, లేకపోతే ఉన్నది వేసుకోండి. రెండు రోజులు చీకటి గదిలో పడుంటే ఏ ఆవుకూ మేలు జరగదు.

మందులు మొదలుపెట్టేటప్పుడు మీ తిండి సంగతి డాక్టరుకు చెప్పండి. మైగ్రేన్ రాకుండా ఇచ్చే టోపిరమేట్ అనే మందు ఆకలి తగ్గిస్తుంది. ఇప్పటికే సగం పదార్థాలు మానేసి బక్కచిక్కినవాళ్లకు అది తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

దీనికి అవతలి కొస, మందుల షాపులో అడిగి రోజూ వేసుకునేవాళ్లు. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, మైగ్రేన్ నొప్పికనే ఇచ్చే ట్రిప్టాన్లు గానీ, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ పది రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి. డైరీలో మాత్రల లెక్క రాయమన్నది అందుకే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాలు మానేశాం కదా అని ఫిల్టర్ కాఫీ ఒక్కసారిగా ఆపకండి, ఒక రోజులోపే కెఫీన్ అందకపోవడం వల్ల వచ్చే తలనొప్పి పట్టుకుంటుంది. వారం పదిరోజులు తీసుకుని తగ్గించండి. సూర్యోదయానికి ముందు పాలల్లో జిలేబీ, ముక్కులో ఆవు నెయ్యి చుక్కలు: చుట్టాలతో వాదన పెట్టుకోకండి, అవి మైగ్రేన్ మందులని చెప్పడానికి ఆధారం లేదు. అవిసె గింజలు మంచివే, కానీ 2021లో 182 మందితో చేసిన పరీక్షలో తలనొప్పులు తగ్గించినవి చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు. అవిసె నుంచి ఆ రకం మన ఒంట్లో చాలా తక్కువగా తయారవుతుంది. వీగన్లకు ఆ రకమే ఉండే నాచు నూనె క్యాప్సూళ్లు ఉన్నాయి. మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్ (విటమిన్ బీ2) కొందరికి ఉపయోగపడతాయి, రెండు మూడు నెలలు చూడాలి. కిడ్నీ సమస్య ఉంటే మెగ్నీషియం సొంతంగా వద్దు.

ఏం తినాలంటారా? వేళకు తినండి. పగలు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపు వద్దు. పొద్దున పెసరట్టు, లేదా పల్లీ చట్నీతో ఇడ్లీ. మధ్యాహ్నం తోటకూర పప్పు, నెయ్యికి బదులు నువ్వుల నూనె వేసుకుని కందిపొడి అన్నం. సాయంత్రం రాగిజావ, రాత్రి ఉలవచారు. బ్యాగులో వేయించిన శనగలు. టీ భోజనంతో కాకుండా గంట ఆగి తాగితే ఐరన్ ఒంటబడుతుంది. ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లయితే పళ్లు, నీళ్లయినా వదలకండి. ఉపవాసం మర్నాడు నొప్పి వస్తున్నట్టు డైరీలో తేలితే, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పేజీ చూపించండి.

చివరగా, ఇవి ఉంటే డైటీషియన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. క్షణాల్లో తారస్థాయికి చేరిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం. వీటికి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. యాభై దాటాక మొదటిసారి వచ్చిన కొత్త నొప్పినీ, గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన కొత్త నొప్పినీ వెంటనే డాక్టరుకు చూపించండి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపించే ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, వాటిలో కొన్ని రకాలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది.