ఫాదర్‌గారి తప్పును ఎత్తిచూపడం పాపమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మా విచారణలో (పారిష్‌లో) సత్యోపదేశం, అంటే మతపాఠాలు, చెబుతుంటాను. ఏడు ఆధ్యాత్మిక దయాకార్యాల పాఠంలో "తప్పు చేసినవారిని హెచ్చరించడం" దగ్గరికి రాగానే పిల్లల వెనక కూర్చున్న తల్లులే అడుగుతారు: "ఆ తప్పు చేసింది ఫాదర్‌గారైతే ఏం చెయ్యాలండీ?" ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్న అపోహల వల్ల మంచివాళ్లు కూడా నోరు మెదపడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గురువులను (ఫాదర్లను), బిషప్‌గారిని తప్పుపట్టకూడదు. అది దేవునికి ఎదురు తిరగడమే.

వాస్తవం: శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 212వ సూత్రం మూడో భాగం చూడండి. శ్రీసభ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకు ఉందని, ఒక్కోసారి అది వాళ్ల బాధ్యత కూడా అని అందులో ఉంది. కాపరులపట్ల గౌరవం తప్పకూడదు, ఎవరి మర్యాదకూ భంగం రాకూడదు అని కూడా ఉంది. రెండూ కలిపి చదువుకోవాలి.

అంతియొకయలో పేతురు అన్యజాతుల విశ్వాసులతో ఒకే పంక్తిలో భోంచేసేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు యూదా విశ్వాసులు వచ్చేసరికి జంకి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయంలో ఆ సంగతి పౌలే రాశాడు. దీన్ని చూపించే 13వ శతాబ్దపు వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ పెద్దలను కిందివాళ్లు కూడా సరిదిద్దాలన్నారు. మామూలుగా చాటుగా, మర్యాదగా చెప్పాలి. విశ్వాసానికే ప్రమాదం వస్తే బహిరంగంగా అయినా చెప్పాలి.

పోపుగారి విషయంలోనూ ఇలా జరిగింది. పునీతుల ఆత్మలు తుది తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడవని పోపు 22వ జాన్ 1331లో అవిఞ్ఞోను నగరంలో ప్రసంగించారు. పారిస్ వేదాంతులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1334లో మరణశయ్య మీద ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నారు. తర్వాతి పోపు 12వ బెనెడిక్ట్ 1336లో అసలు బోధనను స్పష్టంగా ప్రకటించారు. అభ్యంతరం చెప్పిన ఆ వేదాంతులు శ్రీసభకు మేలే చేశారు.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే మన బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు ఒక వరస చెప్పారు. ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘానికి. నిజమే అయినా అవసరం లేకుండా పదిమందికీ చాటి ఒకరి పరువు తీయడం పాపమేనని శ్రీసభ బోధనల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. సరిదిద్దే అధికారం లేని గ్రూపుల్లో పుకారు తిప్పేవాళ్లు ఆ అధికారం ఉన్నవాళ్లకు ఒక్క ఉత్తరం రాయరు. నాకు బాధ కలిగించేది ఇదే.

అపోహ: ఇంటి గుట్టు బయటపెడితే శ్రీసభ పరువు పోతుంది. పిల్లల మీద అఘాయిత్యమైనా సరే, లోపలే సర్దుకోవాలి.

వాస్తవం: మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత హాని చెయ్యలేదు. పైన చెప్పిన "ముందు ఒంటరిగా" అన్న వరసను కొందరు ఇక్కడ అడ్డం పెట్టుకుంటారు. అది చెల్లదు. రహస్య పాపమైనా ఇతరులకు హాని చేసేదైతే, మందలింపుతో అప్పటికప్పుడే ఆపగలమన్న గట్టి నమ్మకం ఉంటే తప్ప వెంటనే బయటపెట్టాలని అక్వినాసే రాశారు. ఆపాల్సిన బాధ్యత ఉండీ ఆపకపోతే ఆ పాపంలో మనకూ భాగం ఉంటుంది. సత్యోపదేశ గ్రంథం 1868వ పేరా చెప్పేది అదే.

పోపు ఫ్రాన్సిస్ 2019లో 'వోస్ ఎస్తిస్ లూక్స్ ముంది' అనే చట్టం తెచ్చి, 2023లో సవరించారు. లైంగిక అఘాయిత్యం గురించి తెలిసిన గురువులు, మఠవాసులు వెంటనే పైవారికి తెలియజేసి తీరాలి. ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించకూడదు, "ఇది ఎవరికీ చెప్పకు" అని వాళ్ల చేత ఒట్టు పెట్టించుకోకూడదు. విషయాన్ని కప్పిపుచ్చిన బిషప్ మీద కూడా ఇదే చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు.

అంతటితో సరిపోదు. మన దేశంలో 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. సంస్థను నడిపేవాళ్లకైతే ఏడాది దాకా జైలు పడవచ్చు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లకు రక్షణ ఉంది. బిషప్‌గారికి ఉత్తరం రాశాం కాబట్టి పోలీసులకు చెప్పనక్కర్లేదు అనుకోకండి.

అపోహ: పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) విన్నది కూడా గురువు బయటపెట్టాలి.

వాస్తవం: శ్రీసభ చట్టం ప్రకారం పెట్టకూడదు. ఆ రహస్యానికి మినహాయింపు లేదు. అయితే బయట మామూలు మాటల్లో విన్నదానికి ఈ ముసుగు తొడగకూడదు.

అపోహ: చెప్పినా ఏం లాభం? వినేదెవరు?

వాస్తవం: 1941లో జర్మనీలోని మున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్‌కు తన మేత్రాసనంలోని (తన పాలనలోని ప్రాంతంలోని) మానసిక రోగులను నాజీ ప్రభుత్వం చంపడానికి తరలిస్తోందని తెలిసింది. ఒకరి ప్రాణం తీయబోతున్నారని తెలిస్తే అధికారులకు చెప్పాలని ఆనాటి జర్మనీ శిక్షాస్మృతి 139వ సెక్షన్‌లో ఉంది. జులై 28న ఆ సెక్షన్ ప్రకారమే ప్రాసిక్యూటర్‌కు, పోలీసు అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపారు. వాళ్లు కదిలిన జాడ లేకపోయేసరికి ఆగస్టు 3న సెయింట్ లాంబర్ట్ చర్చి వేదికపై నుంచి ఆ సెక్షన్‌ను చదివి, జరుగుతున్నది హత్య అన్నారు. జనం ఆ ప్రసంగాన్ని రహస్యంగా నకళ్లు తీసి పంచుకున్నారు. ఆగస్టు 24న రోగులను చంపుతున్న విషవాయు కేంద్రాలను హిట్లర్ ఆపమన్నాడు. అప్పటికే 70,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా ఆసుపత్రుల్లో హత్యలు చాటుగా సాగాయి. గాలెన్ ప్రసంగాలు పంచిన లూబెక్ గురువులు ముగ్గురిని, వాళ్లతో కలిసి పనిచేసిన లూథరన్ పాస్టర్‌ను 1943 నవంబరులో తల నరికి చంపారు. ఒక్క ప్రసంగంతో అంతా ఆగలేదు, నిజమే. కానీ ఆ బిషప్ ఊరుకుని ఉంటే ఆ కాస్తా ఆగేది కాదేమో.

చివరగా ఒక పని మాట. ఫిర్యాదు రాసేటప్పుడు కళ్లారా చూసింది వేరుగా, ఇంకొకరు చెప్పగా విన్నది వేరుగా రాయండి. తేదీలు, స్థలాలు వేయండి. ఊహలు, తిట్లు వద్దు. సంతకం పెట్టి, ఒక నకలు దగ్గర ఉంచుకుని, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫిర్యాదు విచారణ గురువు (పారిష్ ఫాదర్) మీదైతే బిషప్‌గారికి, బిషప్‌గారి మీదైతే అగ్రపీఠాధిపతికి (ఆర్చిబిషప్‌కు) లేదా న్యూఢిల్లీలోని పోపుగారి రాయబార కార్యాలయానికి రాయవచ్చు. పిల్లల విషయమైతే ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.