ఎన్‌బీఏలో డోపింగ్ సమస్య ఉందా?

2024 జనవరిలో క్లీవ్‌లాండ్ కావలియర్స్ ఆటగాడు ట్రిస్టన్ థాంప్సన్‌పై అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 25 మ్యాచ్‌ల వేటు వేసింది. డోప్ పరీక్షలో ఆయన శరీరంలో బయటపడినవి రెండు పదార్థాలు: ఇబుటమోరెన్, ఎల్‌జీడీ-4033. మొదటిది పీయూష గ్రంథిని ప్రేరేపించి శరీరం చేతే గ్రోత్ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. రెండోది టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ అతుక్కునే గ్రాహకాలకే అతుక్కుంటుంది. మిగతా అవయవాల జోలికి అంతగా వెళ్లకుండా కండరాలనూ ఎముకలనూ బలపరుస్తుందన్న ఆశతో దానిని తయారుచేశారు. జబ్బు వల్లనో వయసు వల్లనో కండ కరిగిపోయేవారి కోసం మొదలైన పరిశోధనల్లో పుట్టిన ఈ రెండింటికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు. అయినా అవి ఇంటర్నెట్‌లో ‘పరిశోధన రసాయనాలు’ అన్న పేరుతో దొరుకుతాయి.

ఇటువంటి కేసు ఎన్‌బీఏకు కొత్తది కాదు, అలాగని తరచుగా వచ్చేదీ కాదు. 2000లో డాన్ మెక్లీన్ స్టెరాయిడ్ వాడి 5 మ్యాచ్‌లకు దూరమయ్యాడు. 2009లో రషార్డ్ లూయిస్, 2013లో టర్కీకి చెందిన హెడో టర్కోగ్లు, 2017లో జోకిమ్ నోవా పట్టుబడ్డారు. 2019లో కొద్ది నెలల వ్యవధిలోనే విల్సన్ చాండ్లర్, డియాండ్రే ఏటన్, జాన్ కాలిన్స్ ఒకరి తర్వాత ఒకరు 25 మ్యాచ్‌ల చొప్పున నిషేధానికి గురయ్యారు. 30 జట్లు, ఏ సమయంలో చూసినా సుమారు 450 మంది ఆటగాళ్లు ఉండే లీగ్‌లో పాతికేళ్లుగా బహిరంగంగా ప్రకటించిన ఇలాంటి కేసులు రెండు డజన్లు కూడా లేవు. బాస్కెట్‌బాల్‌లో డోపింగ్ సమస్యే కాదనేవారు ఈ లెక్కనే ముందుపెడతారు. నా అభిప్రాయం వేరు. ఆటగాళ్లు ఎంత శుభ్రంగా ఉన్నారో ఈ లెక్క చెప్పదు. పరీక్ష ఎవరిని పట్టుకోగలదో మాత్రమే చెబుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఎంతో అర్థం కావాలంటే ఆ పరీక్షలు ఎలా పనిచేస్తాయో కొంచెం వివరంగా చూడాలి.

అంతకుముందు చరిత్ర రెండు మాటల్లో. 1983లో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి మొదటి మాదకద్రవ్య నిరోధక ఒప్పందం చేసుకున్నప్పుడు వారి భయమంతా కొకైన్, హెరాయిన్ గురించే. 1986లో బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంచుకున్న రెండు రోజులకే లెన్ బయస్ అనే 22 ఏళ్ల యువకుడు కొకైన్ వల్ల మరణించడంతో ఆ భయం మరింత బలపడింది. స్టెరాయిడ్లకు పరీక్షలు 1999 ఒప్పందం తర్వాతే వచ్చాయి, గ్రోత్ హార్మోన్ కోసం రక్తపరీక్షలు 2015-16 సీజన్‌లో గానీ మొదలు కాలేదు. అంటే ప్రాణం తీసే మత్తు మీద ఉన్న శ్రద్ధ, ఆటను మార్చే మందు మీదికి చాలా ఆలస్యంగా మళ్లింది.

ఇక బాస్కెట్‌బాల్ నైపుణ్యం మీద ఆధారపడిన ఆట కాబట్టి మందులతో ఒరిగేదేమీ లేదనే వాదన ఉంది. ఎముకల చివరలు మూసుకుపోయిన పెద్దవాడిని పొడుగు చేసే మందు లేదన్నది నిజం. దూరం నుంచి గురి చూసి బుట్టలో వేసే నేర్పును ఇంజెక్షన్‌లో నింపలేమన్నదీ నిజం. అయితే ఒక ఆటగాడు 48 నిమిషాల ఆటలో చేసే పనిని గమనిస్తే ఈ వాదన ఎక్కువసేపు నిలవదు. ముఖ్య ఆటగాళ్లు ఒక్క మ్యాచ్‌లో దాదాపు నాలుగు కిలోమీటర్లు కదులుతారు. అదీ తిన్నగా సాగే పరుగు కాదు. ఆగడం, గిరుక్కున తిరగడం, ఎగరడం, వంద కిలోలు దాటిన మరో మనిషిని భుజంతో నెట్టడం, మళ్లీ పరుగెత్తడం. ఇలాంటివి ఆరు నెలల లోపు 82 మ్యాచ్‌లు ఉంటాయి. కొన్నిసార్లు వరుసగా రెండు రాత్రులు ఆడాలి, ఆ రెండింటి నడుమ విమాన ప్రయాణమూ చేయాలి. అలసిన కాళ్లతో ఎగిరినవాడి గురి తప్పుతుందని ఆట ఆడిన ఎవరినడిగినా చెబుతారు. కాబట్టి ఇక్కడ మందు ఇవ్వగల అసలు లాభం పెద్ద కండలు కావు. నిన్నటి దెబ్బ నుంచి ఇవాళ సాయంత్రానికల్లా కోలుకోవడం, చీలిన కండరం త్వరగా కూడుకోవడం, సీజన్ చివర్లో ఏప్రిల్ నెలలోనూ, మొదట్లో నవంబర్ నాటి కాళ్లతో ఆడగలగడం, ఇవే ఆ లాభం.

ఈ ప్రభావం ఎంతటిదో చూపిన ప్రసిద్ధ ప్రయోగం 1996లో వెలువడింది. భారత సంతతికి చెందిన హార్మోన్ల నిపుణుడు శలేందర్ భాసిన్ బృందం 43 మంది ఆరోగ్యవంతులైన పురుషులను నాలుగు గుంపులుగా విభజించి, కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను, మిగతావారికి ఏ మందూ లేని ఇంజెక్షన్‌ను పది వారాల పాటు ఇచ్చింది. ఒక్కో రకంలో సగం మంది చేత బరువుల వ్యాయామం చేయించింది, మిగతా సగం మందిని ఊరికే ఉంచింది. టెస్టోస్టిరాన్ తీసుకుంటూ వ్యాయామం చేసినవారిలో కొవ్వు కాని శరీర బరువు సగటున 6 కిలోలకు పైగా పెరిగింది. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో చెమటోడ్చినవారిలో సుమారు 2 కిలోలే పెరిగింది. అన్నిటికంటే ఆలోచింపజేసే ఫలితం మరొకటి ఉంది: ఏ వ్యాయామమూ చేయకుండా మందు మాత్రమే తీసుకున్నవారు, మందు లేకుండా పది వారాలు కష్టపడినవారి కంటే ఎక్కువ కండ పెంచుకున్నారు. నిజాయతీగా శ్రమించే ఆటగాడికి ఇంతకంటే బాధ కలిగించే అంకె ఉంటుందని నేననుకోను.

గ్రోత్ హార్మోన్ విషయంలో ఆధారాలు ఇంత స్పష్టంగా లేవు. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో అది బలాన్ని పెంచలేదు గానీ, చిన్నపాటి వేగపు పరుగులో పనికొచ్చే శక్తిని దాదాపు 4 శాతం పెంచింది. పురుషుల్లో టెస్టోస్టిరాన్‌తో కలిపి ఇస్తే ఆ లాభం దాదాపు రెట్టింపయింది. ఆరు వారాల పాటు మందు ఆపేసరికి పెరిగింది కాస్తా తగ్గిపోయింది. 4 శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది. రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడకుండా వెనక్కి వచ్చిన బంతి కోసం, ఇద్దరు ఒకేసారి ఎగిరినప్పుడు బంతి ఎవరి చేతికి చిక్కుతుందో తేల్చేది అంతకంటే చిన్న తేడాయే.

ఇప్పుడు పరీక్షల సంగతి. మన శరీరం టెస్టోస్టిరాన్‌తో పాటు ఎపిటెస్టోస్టిరాన్ అనే జంట అణువును కూడా తయారుచేస్తుంది. కండకు అది చేసే ఉపకారం లేదు. చాలామంది మూత్రంలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. బయటినుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. అందుకే ఈ రెండింటి నిష్పత్తి 4 దాటితే ప్రయోగశాల అనుమానపడుతుంది. అయితే టెస్టోస్టిరాన్‌ను మూత్రంలోకి పంపడానికి తోడ్పడే ఒక జన్యువు కొందరిలో పుట్టుకతోనే ఉండదు. తూర్పు ఆసియా ప్రజల్లో ఇది చాలా ఎక్కువ. అటువంటివారిలో కొందరికి పెద్ద మోతాదు ఇచ్చి చూసినా నిష్పత్తి 4 దాటనే లేదు. చర్మానికి పూసుకునే జెల్ రూపంలో కొద్దికొద్దిగా వాడేవారిలోనూ ఈ గీత దాటకపోవడానికి అవకాశం ఉంది.

దీనికి పైమెట్టుగా కర్బన ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువుల) పరీక్ష ఉంది. రసాయన శాస్త్రం ఎంత అందమైనదో నాకు ఈ పరీక్షను చదివినప్పుడు మళ్లీ తెలిసింది. మందుల కంపెనీలు టెస్టోస్టిరాన్‌ను సోయా వంటి మొక్కల్లోని పదార్థాల నుంచి తయారుచేస్తాయి. కిరణజన్య సంయోగక్రియలో సోయా వాడే దారి వేరు, మొక్కజొన్న, చెరకు వాడే దారి వేరు. ఈ తేడా వల్ల సోయా కర్బనంలో బరువైన కార్బన్-13 వాటా తక్కువగా ఉంటుంది. మనం అన్ని రకాల పంటలూ, వాటిని మేసిన జంతువుల మాంసమూ తింటాం కాబట్టి మన శరీరం సొంతంగా చేసుకునే హార్మోన్‌లో ఆ వాటా కాస్త ఎక్కువ. కనుక మూత్రంలోని టెస్టోస్టిరాన్ అణువులను వేరుచేసి తూచితే, అవి వృషణాల్లో పుట్టినవో కర్మాగారంలో పుట్టినవో తెలిసిపోతుంది. ఇది గట్టి సాక్ష్యం, కానీ ఖరీదైన పరీక్ష. సాధారణంగా మొదటి పరీక్షలో అనుమానం కలిగిన నమూనాలకే దీన్ని చేస్తారు.

గ్రోత్ హార్మోన్ ఇంకా కష్టమైన కేసు. పీయూష గ్రంథి ఈ హార్మోన్‌ను ఒకటి కంటే ఎక్కువ రూపాల్లో విడుదల చేస్తుంది, కర్మాగారంలో తయారయ్యేది ఒకే రూపం. ఆ ఒక్క రూపం వాటా అసహజంగా పెరిగిందా అని రక్తంలో చూస్తారు. చిక్కేమిటంటే ఇంజెక్షన్ తీసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఆనవాలు చెరిగిపోతుంది. 2015లో ఎన్‌బీఏ ప్రకటించిన పద్ధతి ప్రకారం ఒక ఆటగాడికి ఏడాదికి మూడు ముందస్తు సమాచారం లేని రక్తపరీక్షలు: సీజన్‌లో రెండు, విరామంలో ఒకటి. ఒక్కో పరీక్ష రెండు రోజుల వాడకాన్ని పట్టగలదనుకున్నా, 365 రోజుల్లో కాపలా ఉన్నవి ఆరు రోజులే. గ్రోత్ హార్మోన్ ప్రభావంతో శరీరంలో పెరిగే, ఇన్సులిన్‌ను పోలిన ఐజీఎఫ్-1 వంటి గుర్తులను కొలిచే మరో పద్ధతి ఇంతకంటే ఎక్కువ రోజుల పాటు ఆనవాలు పట్టగలదు, కానీ గతాన్నంతా తవ్వితీయడం దానికీ సాధ్యం కాదు.

మరి పరీక్షకు దొరకనివారు ఎందరుంటారు? అథ్లెటిక్స్‌లో దీనికి ఒక సమాధానం ఉంది. 2011లో దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు పరిశోధకులు క్రీడాకారులకు ఒక టాబ్లెట్ కంప్యూటర్ తెరపై రెండు ప్రశ్నలు పెట్టారు. మీకు తెలిసిన ఎవరిదైనా పుట్టినరోజు తలచుకోండి. ఆ తేదీ నెలలో 1 నుంచి 10 లోపు అయితే ‘ఆ పుట్టినరోజు సంవత్సరం మొదటి సగంలో ఉందా?’ అన్న ప్రశ్నకు, కాకపోతే ‘గత ఏడాదిలో తెలిసి తెలిసి డోపింగ్ చేశారా?’ అన్న ప్రశ్నకు జవాబు నొక్కండి. ఎవరు ఏ ప్రశ్నకు అవునన్నారో పరిశోధకులకు కూడా తెలియదు కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ మూడింట ఒక వంతు మంది మొదటి ప్రశ్నకు వెళతారు, వారిలో సగం మంది అవునంటారు. ఆ ఆరో వంతును తీసేస్తే మిగిలిన దాంట్లోంచి డోపింగ్ చేసినవారి శాతం లెక్కకు వస్తుంది. వచ్చిన అంచనా దాదాపు 44 శాతం. అదే పోటీల్లో పరీక్షలకు దొరికినవారు 0.5 శాతం.

ఈ అంకెను తీసుకెళ్లి ఎన్‌బీఏకు అంటించడం అన్యాయం. అథ్లెటిక్స్‌లో లాభనష్టాలు వేరు, శిక్షణ వేరు. ఆధారం లేకుండా ఫలానా ఆటగాడు వాడుతున్నాడని అనడం అంతకంటే పెద్ద అన్యాయం. కానీ దొరికినవారి సంఖ్యకూ వాడేవారి సంఖ్యకూ మధ్య ఎంత అగాధం ఉండగలదో ఇది చూపిస్తుంది. అందుకే ‘కేసులు తక్కువ కాబట్టి సమస్య తక్కువ’ అనే తర్కాన్ని నేను అంగీకరించలేను.

దీనికి మరో వైపు కూడా ఉంది: దొరికినవారంతా మోసగాళ్లు కాకపోవచ్చు. జాన్ కాలిన్స్ తాను తీసుకున్న సప్లిమెంట్ కలుషితమైందని చెప్పాడు. ఆటగాళ్లు పట్టుబడ్డాక చెప్పే మాటలను ఉన్నవి ఉన్నట్టు నమ్మాల్సిన పని లేదు గానీ, కొట్టిపారేయడానికీ వీల్లేదు. జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 94 డబ్బాల్లో, అంటే సుమారు 15 శాతంలో, లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధిత పదార్థాలు దొరికాయి.

మన దేశం నుంచి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) ఎంపికైన మొదటి ఆటగాడు, పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్ భమరా కథ ఇక్కడే గుర్తుకొస్తుంది. 2015లో డల్లాస్ మావెరిక్స్ ఆయనను 52వ స్థానంలో ఎంచుకుంది. 2019 నవంబర్‌లో దక్షిణాసియా క్రీడల కోసం బెంగళూరులో శిబిరం జరుగుతుండగా ఇచ్చిన నమూనాలో హైజెనమైన్ బయటపడింది, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా రెండేళ్ల నిషేధం విధించింది. హైజెనమైన్ శ్వాసనాళాలను వెడల్పు చేసే గుణమున్న పదార్థం. కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. మన తిప్పతీగకు దగ్గరి చుట్టమైన టినోస్పోరా క్రిస్పా అనే తీగలో అది ఉందని నిషేధిత పదార్థాల జాబితాకు ఇచ్చిన వివరణలోనే రాసి ఉంది. తిప్పతీగలో అది ఉందని దీని అర్థం కాదు. మూలికల పొడులు, ‘సహజం’ అని రాసిన డబ్బాలు తీసుకునే యువ ఆటగాళ్లు దాన్ని భద్రతకు హామీగా భావించకూడదని మాత్రమే.

ఒకసారి పోల్చి చూడండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమావళి కింద సత్నామ్‌కు రెండేళ్లు పోయాయి; ఆ నియమావళిలో ఉద్దేశపూర్వకంగా స్టెరాయిడ్ వాడితే శిక్ష నాలుగేళ్లు. ఎన్‌బీఏ ఆ నియమావళిపై సంతకం చేసిన సంస్థ కాదు. ఆటగాళ్ల సంఘంతో కుదుర్చుకున్న 2017 ఒప్పందం ప్రకారం మొదటి తప్పుకు 25 మ్యాచ్‌లు, రెండోదానికి 55, మూడోసారి పట్టుబడితే బహిష్కరణ. 25 మ్యాచ్‌లంటే సీజన్‌లో మూడో వంతు కంటే తక్కువ. తెలియక మింగినవాడికి ఇది సరైన శిక్ష కావచ్చు, తెలిసి వాడినవాడికి చాలా తేలిక. రెండు రకాల తప్పులకు ఒకే కొలత పెట్టడమే ఇక్కడి లోపమని నేననుకుంటాను.

శిక్షల కంటే ముందు మారాల్సింది సమాచారం. అమెరికా బేస్‌బాల్ లీగ్ 2003లో పేర్లు లేకుండా ఆటగాళ్లందరినీ పరీక్షించి, 5 శాతం కంటే ఎక్కువ మంది దొరికితేనే శిక్షలతో కూడిన పరీక్షలు మొదలుపెట్టాలని ఒప్పుకుంది; ఫలితం ఆ గీత దాటింది. ఇప్పుడు ఆ లీగ్ తరఫున ఏటా ఎన్ని పరీక్షలు జరిగాయో, ఏ పదార్థాలు దొరికాయో ఒక నివేదిక వెలువడుతుంది. ఎన్‌బీఏ కూడా ఎన్ని ఐసోటోపు పరీక్షలు చేయించిందో, విరామ నెలల్లో ఎంతమంది తలుపు తట్టిందో ఏటా చెప్పాలి. దేగు తరహా అజ్ఞాత సర్వేకు ఆటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. నమూనాలను దాచి ఉంచడం కూడా అంతే ముఖ్యం. 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్ నమూనాలను అప్పుడు శుభ్రమైనవని తేల్చి, ఏళ్ల తర్వాత కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షిస్తే వంద మందికి పైగా దొరికారు. ఒలింపిక్స్ నమూనాలను పదేళ్ల వరకు భద్రపరచి మళ్లీ పరీక్షించే వీలుంది. జాతీయ జట్టు తరఫున ఒలింపిక్స్‌లో ఆడే ఎన్‌బీఏ ఆటగాళ్లు ఆ రెండు మూడు వారాలు ఈ నియమం కిందే ఆడుతున్నారు; దానినే 82 మ్యాచ్‌ల సీజన్‌కూ వర్తింపజేయమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.