15 ఏళ్లకీ 50 ఏళ్లకీ మధ్య ఇరుక్కుపోయిన మన పాత కార్లు

మా ఇంట్లో 1982 ప్రీమియర్ పద్మిని ఉంది, నాన్న కొన్నది, నంబర్ ప్లేట్ మీద ఇప్పటికీ ఏ అక్షరంతో మొదలయ్యే ఆ పాత మూడక్షరాల నంబరే. చాలా ఏళ్ల కిందట దాని డైనమో, అంటే బ్యాటరీని చార్జ్ చేసే భాగం, కాలిపోతే కొత్తది ఎక్కడా దొరకలేదు, విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి అదే పని చేసే వేరే బండి ఆల్టర్నేటర్ ఒకటి తెచ్చి, లేత్ మీద బ్రాకెట్ చేయించి, వైరింగ్ మార్చి బిగించేశాడు. రాత్రి పూట హెడ్‌లైట్లు మొదటిసారి సరిగ్గా వెలిగాయి. ఇంతకీ ఇది రిపేరా, మాడిఫికేషనా? పాత కార్లతో చేతులు మసి చేసుకునే వాళ్లందరి కష్టం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది, ఎందుకంటే మన దేశంలో ఈ రెండూ ఎప్పుడూ వేరు వేరుగా లేవు, చట్టం మాత్రం వేరు వేరు అనుకుని గీత గీసింది. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

స్వాతంత్య్రం వచ్చిన రోజుల్లో మన రోడ్ల మీద షెవర్లేలు, డాడ్జిలు, ప్లిమత్‌లు, మోరిస్‌లు, ఆస్టిన్‌లు అన్నీ తిరిగేవి. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతి ఆపేశారు. 1953లో టారిఫ్ కమిషన్ ఏం చెప్పిందంటే, ఇక్కడే భాగాలు తయారుచేసే ప్లాన్ ఉన్న కంపెనీలే ఉండాలి, ఊరికే పెట్టెల్లో తెచ్చి బిగించి అమ్మే వాళ్లు వద్దు అని. దాంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. కంపెనీలు వెళ్లాయి గానీ వాళ్లు అమ్మిన కార్లు ఇక్కడే ఉన్నాయి కదా, వాటికి స్పేర్లు ఎవరిస్తారు? అక్కడ పుట్టింది మన మెకానిక్ విద్య అంతా. దొరకని భాగాన్ని లేత్ మీద చేయడం, ఒక బండి పిస్టన్ ఇంకో బండికి సరిపోయేలా బోర్ చేయించడం, పెట్రోల్ బాగా తాగే పెద్ద అమెరికన్ కారు ఇంజన్ పీకేసి పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ ఎక్కించడం, ఇవన్నీ సరదాకి చేసినవి కావు, బండి కదలాలంటే వేరే దారి లేక చేసినవి.

ఆ తర్వాత మిగిలినవి ప్రధానంగా మూడే కంపెనీలు. ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్, ముంబై కుర్లాలో ప్రీమియర్ వాళ్ల ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్ 1100 డిలైట్ పేరుతో వచ్చిన బండే తర్వాత ప్రెసిడెంట్ అయి, అటుపైన పద్మిని అయింది, లోపల అదే 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన అదే గేర్ రాడ్. అంబాసిడర్ అయితే 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా వచ్చింది, మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1980 నాటికి దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు 30 వేల దరిదాపు అంతే, డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంత కష్టపడి ఇంటికి వచ్చిన కారుని పదేళ్లకి అమ్మేసి కొత్తది కొనుక్కుందాం అన్న ఆలోచన ఎవరికి వస్తుంది చెప్పండి. ఇంజన్ దించి రీబోర్ చేయించేవాళ్లు, హెడ్ స్కిమ్మింగ్, కొత్త రింగులు, కింగ్ పిన్‌లు, బుష్‌లు, తుప్పు పట్టిన చోట కోసేసి టింకరింగ్, మళ్లీ పెయింట్, ఇంకో పదేళ్లు.

1973 తర్వాత పెట్రోల్ రేట్లు మండిపోయాక అంబాసిడర్లలో, జీపుల్లో డీజిల్ ఇంజన్లు ఎక్కించడం ఊరూరా పెద్ద పని అయిపోయింది. చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. వర్క్‌షాపుల్లో జనం ముందు చేసింది చూశాకే కంపెనీ కూడా డీజిల్ అంబాసిడర్ తెచ్చిందని నా నమ్మకం. అలాగే పద్మినికి స్టీరింగ్ పక్క గేర్ తీసేసి ఫ్లోర్ గేర్ పెట్టించుకోవడం, బకెట్ సీట్లు వేయించుకోవడం మెకానిక్ షెడ్లలో జరుగుతున్న పనే, 1990ల్లో కంపెనీయే ఎస్1 పేరుతో ఫ్లోర్ గేర్, బకెట్ సీట్లతో బండి వదిలింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ఇంకో కారు కాంటెస్సాకి, అంబాసిడర్‌కి ఇసుజు 1.8 ఇంజన్ వచ్చాక పాత అంబాసిడర్ ఉన్న వాళ్లందరి కళ్లూ ఆ ఇంజన్ మీదే.

మరి చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 52వ సెక్షన్ ఆల్టరేషన్ గురించి. మొదట్లో అది చాలా న్యాయంగా ఉండేది, బండిలో మార్పు చేస్తే ఆర్సీలో రాసినదానికి తేడా వస్తుందనుకుంటే ముందు ఆర్టీవోకి చెప్పు, అనుమతి తీసుకో, చేసుకో, అంతే. అంటే మార్పు తప్పు కాదు, చెప్పకుండా చేయడం తప్పు. 2000లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ సెక్షన్‌ని మొత్తం తిరగరాశారు. కొత్త మాట ఏంటంటే, ఆర్సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట చెప్పిన వివరాలకి తేడాగా ఉండేలా ఏ ఓనరూ బండిని మార్చకూడదు. అనుమతి అడిగే దారి మూసుకుపోయింది. ఒకటి రెండు కిటికీలు మాత్రం తెరిచి ఉంచారు, వేరే ఇంధనానికి మార్చుకోవచ్చు అంటే సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు, అదే కంపెనీ అదే రకం ఇంజన్ అయితే మార్చుకోవచ్చు, వికలాంగుల కోసం బండిని అనుకూలంగా మార్చుకునే కిటికీ 2019 సవరణలో తెరిచారు.

ఇందులో నాకు బాధ కలిగించేది "అదే కంపెనీ అదే రకం ఇంజన్" అన్న ముక్క. కంపెనీ మూతపడి స్పేర్లు ఆగిపోయిన బండికి అదే రకం ఇంజన్ అంటే ఇంకో చచ్చిపోయిన బండిలోంచి తీసినదే కదా. ప్రీమియర్ వాళ్లు పద్మిని తయారీ ఆపి పాతికేళ్లు కావస్తోంది. చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ మాయాపురిలోనో మన సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికి వెతికి అరిగిపోయిన ఇంజన్ ఒకటి తెచ్చుకుంటే చట్టబద్ధం, అంతకన్నా తక్కువ పొగ వదిలే, నమ్మకమైన ఇంజన్ ఎక్కిస్తే నేరం.

అయినా 2000 తర్వాత కూడా చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నిజానికి మన దగ్గర మాడిఫికేషన్ హాబీగా పెరిగింది ఆ పదిహేనేళ్లలోనే. అప్పటికి మారుతీ 800లు పాతబడ్డాయి, 1983 డిసెంబర్‌లో మొదలైన బండి అది, 796 సీసీ, చిన్నది, తేలిక, ఎవరైనా ఇంటి ముందు విప్పి బిగించుకోగలిగేంత సింపుల్. పెట్రోల్‌ని గాలితో కలిపే పాతకాలం కార్బురేటర్ ఉన్న 800కి, పెట్రోల్‌ని ఎలక్ట్రానిక్‌గా కొలిచి చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజన్, ఐదు గేర్ల బాక్స్ ఎక్కించడం, జెన్‌లో ఎస్టీమ్ 1.3 ఇంజన్ పెట్టడం, జిప్సీకి సస్పెన్షన్ ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయడం, ఇవి కాలేజీ కుర్రాళ్ల దగ్గర్నుంచి నలభై దాటిన వాళ్ల దాకా అందరూ చేశారు. ఒకప్పుడు అవసరం కొద్దీ చేసిన పనిని ఈ తరం ఇష్టం కొద్దీ చేసింది, చేతిపని మాత్రం అదే, మేస్త్రీలు చాలాచోట్ల వాళ్లే.

2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసింది, 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చడానికి వీల్లేదు, రాష్ట్రాల రూల్స్ ఏం చెప్పినా కేంద్ర చట్టమే పైన అని. అదే ఏడాది చట్టానికి మళ్లీ సవరణ వచ్చింది, అనుమతి లేని ఒక్కో ఆల్టరేషన్‌కి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా, చెప్పకుండా చేసిన మార్పులు ఉంటే క్లెయిమ్ ఇవ్వకుండా తప్పించుకోవడానికి అదొక కారణం దొరికింది. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు, కళ్లు పోయే లైట్లు, చాసిస్ కోసి వెల్డింగ్ చేసిన ప్రమాదకరమైన జీపులు, వీటిని ఆపాలనే చట్టం గట్టిపడింది, అది కరెక్టే, వాటిని నేనూ సమర్థించను. కానీ ఆ దెబ్బ మా డైనమో లాంటి వాటికీ తగులుతుందేమో అన్న భయం ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ ఉంది.

ఇది ఒక వైపు. రెండో వైపు వయసు. ప్రైవేటు కారుకి ఆర్సీ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకి రెన్యువల్. ఢిల్లీలో 2014లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 15 ఏళ్లు దాటిన బండ్లు తిరగకూడదంది, 2015లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు కూడా అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో "ఢిల్లీ బండి" అన్న మాట ఇంతగా వినిపించేది అందుకే, అక్కడ చెల్లని కారు ఎన్‌వోసీ పట్టుకుని ఇక్కడికి చవకగా వస్తోంది. మన దగ్గర అలాంటి నిషేధం లేదు గానీ ఫీజులు పెరిగాయి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ 600 నుంచి 5000 అయింది, 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటిన కార్లకి 10 వేలు అయింది. స్క్రాపేజ్ పాలసీ ఉద్దేశం కూడా అదే కదా, పాతది వదిలించుకునేలా చేయడం.

మధ్యలో ఒక మంచి పని కూడా జరిగింది, 2021 జులైలో వింటేజ్ వాహనాలకి ప్రత్యేకంగా రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు, కొత్తగా రిజిస్టర్ అయ్యేవాటికి నంబర్‌లో వీఏ అని వస్తుంది, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కాకపోతే ప్రదర్శనలకి, ర్యాలీలకి, టెక్నికల్ రీసెర్చ్‌కి, పెట్రోల్ కొట్టించడానికి, మెయింటెనెన్స్‌కి మాత్రమే రోడ్డెక్కాలి. ఇంకో షరతు, బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు.

ఇది హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం మ్యూజియంలో ఉన్న కార్ల లాంటి వాటికి బాగుంటుంది. రాజుల గ్యారేజీల్లో నీడపట్టున ఉండిపోయిన బండ్లు అవి, అసలు రూపం చెడలేదు. మామూలు ఇళ్లలో, ట్యాక్సీ స్టాండ్లలో బతికిన బండ్లు మాత్రం మార్చబట్టే బతికాయి, డీజిల్ ఇంజన్ ఎక్కించకపోతే ఆ ప్లిమత్ 1975కే తుక్కు అయిపోయేది. బతకడానికి చేసిన మార్పే ఇప్పుడు దాన్ని వింటేజ్ కాకుండా చేస్తోంది.

50 ఏళ్ల లెక్క కూడా చూడండి. మారుతీ 800 మొట్టమొదటి బండి 1983లో హర్‌పాల్ సింగ్ గారు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్నారు, ఆయన పోయాక ఆ కారు ఇంటి ముందు పాడైపోతే తర్వాత కంపెనీయే బాగుచేయించి తన హెడ్డాఫీసులో పెట్టుకుంది. ఆ మొదటి 800కే 50 నిండేది 2033 డిసెంబర్‌కి. జిప్సీకి 2035. మన తరం బాల్యం అంతా నిండి ఉన్న కార్లు ఇవే, ఇవన్నీ ఇప్పుడు 15కీ 50కీ మధ్య ఉన్నాయి, వీటికి చట్టంలో విడిగా పేరు కూడా లేదు, కేవలం పాత బండ్లు, ఫీజు కట్టాల్సిన బండ్లు.

పైగా కాలం ఆగదు కదా, బండిని మార్చకపోయినా బండి తాగేది మారిపోతోంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది, ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది, కాబట్టి హెడ్ దించినప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోవాల్సి వచ్చింది. 2025 వచ్చేసరికి పంపుల్లో మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్. అది పాత రబ్బరు పైపుల్ని, డయాఫ్రమ్‌లని, గాస్కెట్లని మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, నెల రోజులు కదలని బండి కార్బురేటర్‌లో తుప్పు తెస్తుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే అదే సైజు రంధ్రంతో, నడిపితే గాలి-పెట్రోల్ మిక్స్చర్ పలచబడి ఇంజన్ తడబడుతుంది. మా సోలెక్స్ కార్బురేటర్‌లో మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేస్తే గానీ బండి సరిగ్గా లాగలేదు. కంపెనీ చెప్పిన సైజు వేరు, ఇప్పుడు ఉన్న సైజు వేరు. ఇది కూడా ఆల్టరేషనేనా? ప్రభుత్వం పెట్రోల్ మారిస్తే నేను జెట్ మార్చాను, అంతే కదా.

తలుచుకుంటే దారి ఇవ్వొచ్చని ఎలక్ట్రిక్ రెట్రోఫిట్ చూస్తే తెలుస్తుంది. ఏఆర్ఏఐ లాంటి సంస్థ టెస్ట్ చేసి ఆమోదించిన కిట్ అయితే పాత కారు ఇంజన్ పూర్తిగా పీకేసి మోటారు, బ్యాటరీ పెట్టుకోవచ్చు, ఆర్సీలో ఎక్కించుకోవచ్చు, హైదరాబాద్ కంపెనీ ఈట్రియో ఆల్టోలకి అలా చేసి చూపించింది. కిట్‌ని టెస్ట్ చేసి ముద్ర వేసే పద్ధతి దీనికి ఉన్నప్పుడు, డిస్క్ బ్రేకులకి, మంచి స్టీరింగ్‌కి, తక్కువ పొగ వదిలే పెట్రోల్ ఇంజన్‌కి ఎందుకు ఉండకూడదు? నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులున్న 1982 బండిని ఇవాళ్టి హైవే మీద నడిపే వాడిగా అడుగుతున్నాను, ముందు చక్రాలకి డిస్కులు వేయించుకోవడం నాకూ, నా ముందు వెళ్లే వాడికీ ఇద్దరికీ మంచిదే.

మా పద్మినికి 2022 జులైలో 5000 కట్టి రెన్యువల్ చేయించాం. 2027లో ఇప్పటి రేటు ప్రకారం 10 వేలు. 2032 జులైకి 50 నిండుతాయి, అప్పుడు వింటేజ్‌కి పెట్టుకోవచ్చు, కానీ పెట్టుకుంటే నాన్నని ఆదివారం పూట మార్కెట్‌కి అందులో తీసుకెళ్లడం కుదరదు. కాలిపోయిన ఆ పాత డైనమో పారేయలేదు, మేస్త్రి గుడ్డలో చుట్టి ఇచ్చింది అలాగే షెడ్డు అటక మీద ఉంది, రీవైండింగ్ చేయగలిగే వాళ్లు ఇంకా ఎవరున్నారో ఆటోనగర్‌లో అడుగుతున్నాను.