మొదటి తడి అందినవాళ్ళు

దాళ్వా నాట్లు పడ్డాక కోనసీమ శివారు ఊళ్ళలో రాత్రిపూట కాలువ గట్ల మీద టార్చిలైట్లు తిరుగుతుంటాయి. చిన్నప్పుడు మావయ్య వెనకాల నేనూ వెళ్ళేవాణ్ణి. మా బోదెలో నీళ్ళు చీలమండ దాకా కూడా ఉండేవి కాదు. రెండు మైళ్ళు ఎగువకి నడిస్తే అక్కడి చేలు గట్లు పొర్లుతుండేవి. తూము వెడల్పు చేసుకున్న రైతుని మావయ్య అడిగితే ఆయన చాలా మర్యాదగా చెప్పాడు: "వంతులు పెడితే మంచిదేనండి. ఈ పంట పోనివ్వండి, వచ్చే ఏడు చూద్దాం." వచ్చే ఏడూ అదే మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా దగ్గర నీళ్ళు రావడం గురించి కాదు గొడవ, ఎవరిదాకా వస్తాయన్నదే.

ఆర్థిక సంస్కరణల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ఎగువ రైతే గుర్తొస్తాడు.

1989 తర్వాత తూర్పు ఐరోపాలో, 1991 తర్వాత పాత సోవియట్ దేశాల్లో ఓటూ మార్కెట్టూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. అప్పటి నిపుణులకి ఒకటే టెన్షన్: రేట్లు పెరిగి, ఫ్యాక్టరీలు మూతపడితే, దెబ్బతిన్న జనం ఓటుతో సంస్కర్తలను ఇంటికి పంపేస్తారని. అందుకే ఓటరుకి అందకుండా కూర్చుని పని కానిచ్చేయమని కొందరి సలహా.

1998లో జోయెల్ హెల్మన్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఆ దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. తేలింది వేరు. సంస్కరణల్ని సగంలో ఆపింది ఎక్కువగా నష్టపోయినవాళ్ళు కాదు, మొదట్లోనే బాగా లాభపడ్డవాళ్ళు.

రష్యానే చూడండి. 1992 జనవరి 2న చాలా సరుకుల ధరల మీద అదుపు ఎత్తేశారు. చమురుకి మాత్రం దేశంలో కట్టడి ధరే ఉంచారు, ప్రపంచ ధర ముందు అది నామమాత్రం. ఎగుమతి లైసెన్సు ఉన్నవాడు ఇక్కడ రూబుళ్ళలో కొని, సరిహద్దు దాటించి డాలర్లకి అమ్మితే చాలు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. పలుకుబడి ఉన్నవాళ్ళకి ఆ పెరుగుదలలో పిసరంత వడ్డీకే సర్కారు అప్పులు దొరికాయి, తీర్చేనాటికి ఆ అప్పు చిల్లర కింద లెక్క. చమురు ధర కూడా వదిలేస్తే ఈ తేడా పోతుంది. పాత వ్యవస్థ తిరిగొచ్చినా పోతుంది. కాబట్టి వాళ్ళకి సంస్కరణ సగంలోనే ఆగాలి. మా ఎగువ రైతు కూడా కాలువ పూడ్చేయమనలేదు, వంతులే వద్దన్నాడు.

పోలండ్‌లో 1990 జనవరి 1న ఆర్థిక మంత్రి బల్త్సెరోవిచ్ ప్రణాళిక మొదలైంది. రెండేళ్ళు ఉత్పత్తి పడిపోయింది, ఉద్యోగాలు పోయాయి, ప్రధానులు ఒకరి తర్వాత ఒకరు దిగిపోయారు. 1993లో మాజీ కమ్యూనిస్టులే గెలిచారు. అయినా దారి మారలేదు, 1992 నుంచి మొదలైన ఎదుగుదలా ఆగలేదు. ప్రభుత్వాలు తరచూ మారిన దేశాలే సంస్కరణల్లో ఎక్కువ దూరం వెళ్ళాయన్నది హెల్మన్ లెక్క. ఏ గుంపుకీ తూము దగ్గర కాపురం పెట్టే వ్యవధి దొరకలేదన్నమాట.

మరి చైనా? ఓటు లేకుండానే 1978 నుంచి ఎదిగింది, కాదనలేం. అక్కడా 1980లలో ఒకే సరుకుకి కోటా ధర ఒకటి, బజారు ధర ఒకటి నడిచాయి. కోటాలో కొని బజారులో అమ్ముకున్న అధికారుల మీద జనం కోపం 1989 ఆందోళనల్లో బాగానే కనిపించింది. తర్వాత ఆ రెండు ధరల్నీ చాలావరకు కలిపేశారు. పైవాళ్ళు తలుచుకున్నారు కాబట్టి సరిపోయింది. తలుచుకోకపోతే శివారువాడు ఎవర్ని అడగాలి? నా పేచీ అక్కడే. పైగా 2019లో ఆర్థికవేత్త అసెమోగ్లు బృందం వేసిన లెక్కలో, నియంతృత్వం నుంచి ప్రజాస్వామ్యానికి మారిన దేశాల్లో పాతికేళ్ళకి తలసరి ఆదాయం సుమారు 20 శాతం ఎక్కువగా తేలింది. అది సగటు, అన్ని దేశాలకీ హామీ కాదు.

1997లో మన రాష్ట్రం, కాలువ నీళ్ళ పంపకం రైతులే చూసుకునేలా నీటి సంఘాల చట్టం తెచ్చి, ఆ జూన్‌లో పది వేలకు పైగా సంఘాలకి ఎన్నికలు పెట్టింది. ఒక్కో సంఘం పరిధిని చిన్న చిన్న నియోజకవర్గాలుగా విడగొట్టారు. శివారుకీ ఒక సభ్యుడు ఖాయమైన ఆ మెలిక నాకు భలే నచ్చింది.

మా సంఘానికి అధ్యక్షుడిగా గెలిచింది మాత్రం ఆ ఎగువ రైతే. కాకపోతే ఓట్లడగడానికి మొదటిసారి మా ఇంటిదాకా వచ్చాడు, బీటలు తీసిన మా బోదె గట్టు మీదుగా నడిచి.